బడి సంచిలో ‘కల్లు’ దొరికింది!

“అవ్వా, ఈ పొద్దు మా టీచరు నా సంచిలో కల్లు చూసి కోప్పడింది.”

రెండేళ్ల కిందట మా చిన్నోడు ఫోనులో మా అమ్మతో చెప్పిన మాట ఇది. అప్పుడు వాడు రెండో తరగతి. మేముండేది బళ్లారిలో, మా అమ్మ ఉండేది అనంతపురం జిల్లాలోని పల్లెలో. నేను వంటింట్లో చపాతీలు ఒత్తుతున్నాను. ఫోను స్పీకరులో ఉంది.

“కల్లా! నీకు కల్లు యాడిదిరా?”

“కాలవ గట్టు కాడ అవ్వా. ఎంత కావాలంటే అంత. దుడ్లు కూడా ఇయ్యాల్సిన పని లేదు. మంచం కింద ఇంకా చానా దాచిపెట్టుకున్నా.”

“మీ నాయనకు తెలుసా?”

“నాయనే కదా నిన్న సంచిలో ఏసిచ్చిండేది!”

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “మీ అమ్మకు ఇయ్యి ఫోను” అని గొంతు మారింది. కన్నడంలో కల్లు అంటే రాయి. వాడు కాలవ గట్టున నున్నటి గులకరాళ్లు ఏరుకుంటున్నాడు, అంతే. ఈ సంగతి చెప్పి అల్లుడి పరువు నిలబెట్టడానికి నాకు పది నిమిషాలు పట్టింది. చపాతీ మాడింది.

ఈ పేజీ చదివే అమ్మలందరి ఇళ్లలోనూ ఇలాంటివి నాలుగైదు ఉంటాయి. హోసూరులో మా చెల్లెలి కూతురు “అమ్మా, పసి!” అంటే, ఊరి నుంచి వచ్చిన ముసలావిడ “ఎవరి పసిబిడ్డ?” అని గుమ్మం దాకా వెళ్లి చూసింది. తమిళంలో పసి అంటే ఆకలి. బరంపురంలో చుట్టాలబ్బాయి “పాణి” అని అడిగితే, నాయనమ్మ మురిసిపోయి చీపురు చేతికిచ్చింది. ఒడియాలో పాణి అంటే నీళ్లు. షోలాపూరులో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల చిన్నది పదిహేనేళ్ల అక్కను “తాయీ, తాయీ” అని పిలుస్తోంది. మరాఠీలో తాయి అంటే అక్క, కన్నడంలో అమ్మ. మా పెద్దది నా కొంగు లాగి చెవిలో అడిగింది: “అమ్మా, ఆ అక్కకు అప్పుడే పిల్లా?”

మా వీధిలో ఒకావిడ పొద్దున్నే ఎవరు కనిపించినా “తిండి ఆయ్తా?” అంటుంది. టిఫిను అయిందా అని కన్నడంలో మర్యాదగా పలకరించడం. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం సాయంత్రం దాకా ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. “నన్ను పట్టుకుని తిండి అయిందా అంటుందా!” తెలుగులో తిండి అనే మాటకు కాస్త మొరటుతనం అంటుకుంది. కన్నడంలో అంటలేదు. తిండిదీ తప్పు కాదు, ఆవిడదీ తప్పు కాదు.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునేవే. కానీ ఇదే నవ్వు మా ఇంట్లో ఒకసారి పిల్లాడి నోరు మూయించింది.

ఆ వేసవిలో ఆంధ్రాలో ఒక ఊళ్లో చుట్టాల పెళ్లికి వెళ్లాం. భోజనాల బంతిలో మా వాడు పిల్లలతో కలిసి కూర్చున్నాడు. కూరలయ్యాయి. వడ్డించే ఆయన రాగానే వీడు గట్టిగా, “నాకు సారు ఏయండి” అన్నాడు. బళ్లారిలో చారును సారు అనేది మామూలే. పక్క వరుసలో ఎవరో పిల్లాడు అందుకున్నాడు: “సారును ఎట్లా వేస్తారురా? ముక్కలు కోసా?” బంతంతా గొల్లుమంది. అక్కడితో ఆగితే బాగుండేది. పెళ్లి అయ్యేదాకా వాడి పేరు ‘సారూ’ అయిపోయింది. పెద్దవాళ్లు కూడా “ఏం సారూ, కన్నడం సారూ” అంటూ బుగ్గ గిల్లారు. వాళ్లకది ముద్దే.

ఊరికి తిరిగి వచ్చాక వాడు తెలుగు మాట్లాడటం తగ్గించాడు. మొదట మేము గమనించలేదు. నేను తెలుగులో అడిగితే కన్నడంలో జవాబు చెప్పేవాడు. అవ్వ ఫోను చేస్తే “ఊఁ”, “సరే”, “అమ్మకు ఇస్తా”. కాలవ గట్టు కబుర్లు లేవు. ఆరేడు నిమిషాలు సాగే మాటలు అర నిమిషానికి వచ్చాయి. “వాడికి ఒంట్లో బాగలేదా?” అని మా అమ్మ రెండుసార్లు అడిగింది.

బడిలో మాత్రం ఏమీ తేడా లేదు. అక్షరదోషాలు లేకుండా రాస్తున్నాడు, పద్యం అప్పజెప్పుతున్నాడు, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుంటున్నాడు. నోటు పుస్తకంలో తెలుగు ఉంది, నోట్లో లేదు. టీచర్లకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే మార్కుల పట్టీలో ఇది కనబడదు. పిల్లలు భాషను మరిచిపోవడానికి చాలా ముందే దాన్ని దాచుకోవడం మొదలుపెడతారు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమని రాష్ట్రాలకు చెబుతుంది. దానికోసం మన పెద్దలు ఎన్ని అర్జీలు పెట్టారో మనకు తెలుసు. భోజనాల బంతిలో నవ్వు గురించి మాత్రం ఏ అధికరణమూ లేదు. అది ఇళ్లలోనే చూసుకోవాలి.

దసరా సెలవులకు మా అమ్మ బళ్లారి వచ్చింది.

మా అమ్మకు కన్నడం రాదు. రాదని ఆవిడ ఒప్పుకోదు. “ఏముందే అందులో? మన మాటకు ‘లు’ తీసేస్తే కన్నడమే” అనేది ఆవిడ సిద్ధాంతం. ఒకరోజు మనవణ్ణి వెంటబెట్టుకుని అంగడికి వెళ్లింది. బళ్లారిలో అంగళ్లవాళ్లకు చాలామందికి తెలుగు వస్తుంది కానీ, ఆ రోజు గల్లా దగ్గర ధార్వాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు ఉన్నాడు.

“ఏను బేకు, అజ్జి?” అన్నాడు.

మా అమ్మకు కావలసింది కందిబేడలు, అంటే కందిపప్పు. సిద్ధాంతం ప్రకారం ‘లు’ తీసేసింది. “బేడ.”

“బేడ్వా?”

“ఆఁ, బేడ. అర్ధ కేజీ.”

కన్నడంలో బేడ అంటే వద్దు. కుర్రాడు బిక్కమొహం పెట్టి వెనకున్న మనిషికి చక్కెర కట్టాడు. మా అమ్మ ఊరుకుంటుందా? “వచ్చినోళ్లందరికీ ఇస్తావు, నాకెందుకు ఇయ్యవు? బేడ! బేడ!” అని గల్లా మీద చెయ్యి చరిచింది. ఆ కుర్రాడు రెండు చేతులూ జోడించి, “బేడ అంద్రె యాకె బంద్రి, అజ్జి?” అన్నాడట. వద్దంటే ఎందుకొచ్చావు తల్లీ అని.

అప్పుడు మా వాడు ముందుకొచ్చి, “అవ్వకు తొగరి బేళె బేకంతె” అని చెప్పి సరుకు ఇప్పించాడు.

ఇంటికొచ్చేసరికి ఇద్దరూ కళ్లనీళ్లు తుడుచుకుంటున్నారు. మా అమ్మ గుమ్మంలోనే కూలబడి, “ఒసేయ్, అర్ధ కేజీ ‘వద్దు’ అడిగినానంటనే!” అని మొదలుపెట్టింది. వాడు అడ్డం పడ్డాడు: “అట్ల కాదవ్వా, నువ్వు ఆగు, నేను చెప్తా.” చెప్పాడు. తెలుగులోనే చెప్పాడు, అవ్వకు అర్థం కావాలి కదా. నాకు ఒకసారి, అక్కకు ఒకసారి, రాత్రి నాయన వచ్చాక ఇంకోసారి, ఎదురింటి వాళ్లకు మరోసారి. నాలుగోసారికి ఆ కుర్రాడి మొహం కూడా పెట్టి చూపించాడు. నాలుగున్నర నెలలుగా వాడు ఇంట్లో అంత తెలుగు మాట్లాడలేదు.

పెళ్లిలో నవ్వుకూ ఈ నవ్వుకూ తేడా ఏమిటని తర్వాత చాలా ఆలోచించాను. ఇక్కడ మాట జారినావిడే అందరికంటే ముందు నవ్వింది. పైగా ఆ రోజు తెలిసినవాడు వాడు, తెలియనిది పెద్దావిడ. రెండు భాషలు రావడం పెళ్లిలో వాడికి వెక్కిరింత తెచ్చింది. అంగడిలో అదే అవ్వకు పప్పు తెచ్చిపెట్టింది.

మర్నాడు మా పెద్దది ఒక పొడుగు నోటు పుస్తకం తీసి అట్ట మీద ‘తమాషా పుస్తకం’ అని రాసింది. మొదటి పేజీలో ‘అర్ధ కేజీ బేడ’. నియమాలూ తనే పెట్టింది. ఎవరి మాటైతే వాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి. రెండు భాషల్లోనూ అర్థం రాయాలి. చుట్టాలొచ్చినప్పుడు అడగకుండా చదివి వినిపించకూడదు. ఈ మూడో నియమం పిల్లలు పెద్దలకోసం పెట్టారని వేరే చెప్పక్కర్లేదు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ‘హకోడి’. ఒక వానసాయంత్రం చిన్నోడు, “అమ్మా, హకోడి చేస్తావా?” అన్నాడు. నోరు తిరగక కాదు, బాగా ఆలోచించే అన్నాడు. తెలుగులో పాలు, కన్నడంలో హాలు. పులి, హులి. పూవు, హూవు. పాము, హావు. పంది, హంది. పండు, హణ్ణు. పల్లె, హళ్లి. ఇవన్నీ వాడంతట వాడే గమనించి, ‘ప’ ఉన్నచోట ‘హ’ పెడితే సరిపోతుందని సూత్రం కట్టాడు. అలా పకోడి హకోడి అయింది, పెన్సిలు హెన్సిలు అయింది. వాళ్ల అవ్వ ‘లు’ సిద్ధాంతం కంటే ఇది మెరుగే! పాత కన్నడంలో ఈ మాటల మొదట ‘ప’యే ఉండేది. తర్వాతి శతాబ్దాల్లో అది ‘హ’గా మారింది. భాషాశాస్త్రం చదివేవాళ్లు పెద్ద తరగతుల్లో నేర్చుకునే సంగతి మన పిల్లలకు పాల గ్లాసు దగ్గరే దొరుకుతోంది.

మరి పుస్తకం ‘హుస్తక’ ఎందుకు కాలేదు? పూజ ‘హూజె’ ఎందుకు కాలేదు? ఈ ప్రశ్న మా పెద్దది వేసింది. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఆ ‘ప’ అలాగే నిలిచిపోయింది. దేశ్యాలు మారాయి, తత్సమాలు మారలేదు. తత్సమం, దేశ్యం అని నల్లబల్ల మీద రాసి బట్టీ పట్టించే బదులు, టీచర్లు ఒక్కసారి ఈ ఆట ఆడించి చూడండి. కర్ణాటకలోని తెలుగు పిల్లలకు ఆంధ్రా పిల్లలకు లేని సౌకర్యం ఇది. ఏ మాట మన మట్టిదో, ఏది బయటి నుంచి వచ్చిందో చాలాచోట్ల పక్కింటి భాషే చెప్పేస్తుంది.

పుస్తకంలో మూడు పేజీలు పట్టిన గొడవ ఇంకొకటి ఉంది. అప్పుడు ఆరో తరగతి చదువుతున్న మా పెద్దది అన్నం తింటూ అడిగింది: “కన్నడంలో హుడుగ బంద, హుడుగి బందళు, హసు బంతు. మూడూ వేరేవేరే. తెలుగులో నాయన వచ్చినాడు, అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది. నువ్వూ ఆవూ ఒకటేనా?”

మా ఆయన తల వంచుకుని చాలా శ్రద్ధగా అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

నిజమే మరి. తెలుగు క్రియ ఒంటరి ఆడదానికీ ఆవుకీ తేడా చూపదు. బడి వ్యాకరణంలో మగవాళ్లను చెప్పే మాటలు మహత్తులు, మిగతావి అమహత్తులు. నేను అన్నాను: “ఒక్కదాన్నే వస్తే ‘వచ్చింది’. అదే మీ పిన్నమ్మా నేనూ కలిసి వస్తే ‘వచ్చినారు’. ఆవులు రెండొస్తే ‘వచ్చినాయి’. అంటే తెలుగులో ఆడవాళ్లు ఇద్దరు జతకడితే చాలు, మనుషుల్లో చేరిపోతారు.” మా అమ్మ ముద్ద మింగకుండానే, “అందుకేనే నేను ఏ పంచాయితీకీ ఒక్కదాన్నే పోయేదాన్ని కాదు” అంది. అంతటితో అయిపోయిందనుకున్నాను. పెద్దది ఇంకా ఆలోచిస్తూనే ఉంది. చెయ్యి కడుక్కుని వచ్చి, “అవ్వ వచ్చినారు అని గౌరవంగా అంటే? అప్పుడు ఒక్కతే వచ్చినా మనిషే కదా. అయితే ఇకనుంచి అమ్మ వచ్చినారు అనే అంటా” అంది. మా ఇంట్లో అమ్మను ‘నువ్వు’ అనే అలవాటు. అయినా రెండు రోజులు “అమ్మ వచ్చినారు, అమ్మ కాఫీ తాగినారు” అని సాగింది. మూడో రోజు నేను చదువుకోమని కోప్పడ్డాను. మళ్లీ ‘వచ్చింది’లోకి దించేసింది.

‘మేము’, ‘మనం’ సంగతి కూడా కన్నడనాట తెలుగు తల్లులకు బాగా తెలిసిందే. ఇప్పటి కన్నడంలో రెంటికీ ‘నావు’ ఒక్కటే మాట. అందుకే మా చిన్నోడు అన్నిటికీ ‘మేము’ అనేవాడు. జాతరకని నేను చీర మార్చుకుని, పూలు పెట్టుకుని, తాళం చెవి చేత్తో పట్టుకుని నిలబడితే, “అమ్మా, మేము పోదామా?” అన్నాడు. “పోయి రాండి నాయనా” అని నేను కుర్చీలో కూర్చున్నాను. వాడికి అర్థం కాలేదు. అక్క చెప్పింది: “మేము అంటే అమ్మ లేదు. నువ్వు అమ్మను వదిలేసినావు.” వాడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ తర్వాత ఆ మాట తప్పలేదు. తప్పలేదంటే, కావాలనే తప్పుతున్నాడు. బెండకాయ తినమంటే నాయన పక్కన చేరి, “మేము హోటలుకు పోతాం” అంటాడు, ‘మేము’ దగ్గర గట్టిగా నొక్కుతూ. ఒక తేడాతో ఎదుటివాళ్లను ఏడిపించడం వచ్చిందంటే ఆ తేడా వాడి సొంతమైనట్టే.

అమ్మలు ఈ తమాషాలను ఎందుకు రాసిపెట్టుకోవాలని ఎవరైనా అడిగితే నాకు రెండు పుస్తకాలు గుర్తొస్తాయి. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’, భానుమతి ‘అత్తగారి కథలు’. తెలుగింటి నవ్వుకు ఇంతకంటే పెద్ద పేర్లు చెప్పలేం. రాసిన ఇద్దరూ ఏళ్లతరబడి మద్రాసులో బతికినవాళ్లు. బుడుగు మాటలు దిద్దాల్సినవని ఎవరికీ తోచలేదు. పిల్లాడు ఎలా పలికాడో అలాగే అచ్చయ్యాయి, బాపు బొమ్మలతో అలాగే నిలిచాయి. భానుమతి కథల్లో కోడలు అత్తగారి చాదస్తాన్ని చూసి ఎంత నవ్వినా ఆవిడ పెద్దరికం ఒక్క అంగుళం తగ్గదు. నాకైతే అది రచనలో కంటే ఇంట్లో సాధించడం కష్టమనిపిస్తుంది. ఇక మా బళ్లారి సంగతికొస్తే, బళ్లారి రాఘవ తెలుగు, కన్నడం, ఇంగ్లిషు నాటకాల్లో వేషాలు కట్టినవాడు. ఒక నోట్లో మూడు భాషలుంటే ఏదో ఒకటి పాడవుతుందని భయపడేవాళ్లకు మా ఊళ్లో ఆయన పేరు చెబుతాం.

2011 జనగణనలో కర్ణాటకలో 35 లక్షలకు పైగా, తమిళనాడులో 42 లక్షలకు పైగా జనం తమ మాతృభాష తెలుగని చెప్పుకున్నారు. ఆ లెక్కలో చేరడానికి ఇంటిపెద్ద చెప్పే ఒక్క మాట చాలు. ఇంట్లో పిల్లలు ఏ భాషలో అలుగుతారో, ఏ భాషలో జోకు వేస్తారో ఆ లెక్క చెప్పదు. మాకు తెలిసిన ఒకావిడ పిల్లలు కన్నడం కలిపిన ప్రతిసారీ ఐదు రూపాయలు జరిమానా వేసేది. నెల తిరిగేసరికి హుండీలో నలభై రూపాయలు చేరాయి. పిల్లలు తల్లితో మాట్లాడటమే తగ్గించి డబ్బు మిగుల్చుకున్నారు. తెలివైన పిల్లలు.

మా పిల్లల బడిలో ఒక టీచరమ్మ ఈ మధ్య వేరే పద్ధతి పట్టింది. వారానికి ఒకరోజు నల్లబల్ల మీద ఒక వస్తువు బొమ్మ వేసి, “మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?” అని అడుగుతుంది. ఏది చెప్పినా రాస్తుంది. ఏది సరైనదని అడగదు. చివరికి పుస్తకాల్లో ఏ మాట వాడతారో చెప్పి దాని కింద గీత గీస్తుంది. మిగతావి తుడిచేయదు, బడి వదిలేదాకా బల్ల మీదే ఉంటాయి. మొన్న గిన్నె బొమ్మ వేసి, పైన పొగలు వేసి, అన్నంలో పోసుకునేదని చెప్పిందట. ఒకరు చారన్నారు, ఒకరు రసమన్నారు. మా వాడు చెయ్యెత్తాడు. లేచి నిలబడి, ఆ మాట చెప్పడంతో ఆపకుండా, పెళ్లిలో బంతి దగ్గర నుంచి ముక్కలు కోయడం దాకా మొత్తం కథ చెప్పాడట. ఇంట్లో మాకెవరికీ వాడు ఆ కథ చెప్పలేదు.

“అందరూ నవ్వినారా?” అని అడిగాను, కాస్త భయంగానే.

“నవ్వినారు. నేనే నవ్వించినా” అన్నాడు బూట్లు విప్పుకుంటూ. “అమ్మా, టీచరమ్మ ఇంట్లో కూడా సారే అంటారంట.”